ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: పడకగదిలో బండి బ్యాటరీ

ప్రశ్న: మేము కరీంనగరునుండి వచ్చి సూరత్‌లోని ఉన్‌లో స్థిరపడిన పద్మశాలీలము. పాత టెంపో ట్రావెలరులో పరుపులు, చిన్న ఫ్రిజ్జు, ఫ్యాను అమర్చుకొని యాత్రలకు దానిలోనే పోవుచుందుము. దీపావళికి మగ్గాలు ఆగినప్పుడు తప్ప ఆ బండి కదలదు. నెలల తరబడి నిలిచియుండుటచే బ్యాటరీలు డౌన్ అగుచున్నవి. ఈసారి రెండింటిని ఇంటికి తెచ్చి, మేము పడుకొను గదిలో చార్జరునకు తగిలించితిమి. రెండు రాత్రులుగా కుళ్లిన గ్రుడ్ల వాసన. నాకు గొంతుమంట, నాలుగేండ్ల మా బాబుకు దగ్గు. ఇది బ్యాటరీవలననేనా? ఏమి చేయవలెను?
– ఒక పాఠకుడు, ఉన్, సూరత్

జవాబు: ముందు చేయవలసిన పని చెప్పి, పిమ్మట కారణము వివరింతును. బాబును బయటికి తీసికొనిపోయి, తలుపులు, కిటికీలు బార్లా తెరచి, గాలి బాగుగా ఆడిన తరువాత చార్జరును గోడ స్విచ్చువద్ద ఆపుడు. అంతవరకు ఆ గదిలో అగ్గిపుల్ల గీయకుడు, అగరువత్తి వెలిగింపకుడు, బ్యాటరీనుండి క్లిప్పులు లాగకుడు. బ్యాటరీ ప్రక్కలు ఉబ్బియున్నను, చేయి పెట్టలేనంత వేడెక్కియున్నను దానిని మరల చార్జింగునకు పెట్టరాదు. బాబుకు ఆయాసముగాని పిల్లికూతలుగాని ఉన్నచో ఈ పత్రికను ప్రక్కన పెట్టి 108కు ఫోను చేయుడు. లేనిచో దగ్గరి పిల్లల వైద్యునికి ఒకసారి చూపుడు. దగ్గునకు వేరు కారణములును ఉండవచ్చును గాని, మీరు వ్రాసిన వాసన మాత్రము బ్యాటరీదే.

1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సీసపు బ్యాటరీ మూలస్వభావమున నేటికిని మారలేదు: సీసపు పలకలు, వానిని ముంచియుంచిన గంధకికామ్లపు నీరు. బ్యాటరీ నిండిన తరువాతగూడ తనంతట తాను ఆగుట యెఱుగని పాతరకపు చార్జరు రాత్రంతయు విద్యుత్తును పంపుచునే యుండినయెడల, ఆ విద్యుత్తు లోపలి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టును. ఆ బుడగలు పైకుబికి పగులునప్పుడు కంటికి కానరాని ఆమ్లపు తుంపరలు గాలిలో కలియును. మీ గొంతుమంటకు అవియే కారణము కావచ్చును. బ్యాటరీ కర్మాగారములలో ఏండ్ల తరబడి ఈ తుంపరల నడుమ పనిచేసినవారి ముందుపండ్లు అరిగిపోవుట వైద్యులు ఎఱిగిన సంగతియే. ఇక కుళ్లిన గ్రుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువుది. బ్యాటరీ అతిగా వేడెక్కి చెడునప్పుడది పుట్టును. గాఢత హెచ్చినకొలది ముక్కు మొద్దుబారి ఆ వాసనను పసిగట్టుట మానివేయును గనుక, వాసన తగ్గినదని నిశ్చింతగా పండుకొనరాదు. హైడ్రోజన్‌కు వాసనయే లేదు. గాలిలో నూటికి 4 వంతులు చేరినచో నిప్పురవ్వకు అంటుకొను ఆ వాయువు తేలికయైనదగుటచే, మూసిన గదిలో పైకప్పు క్రింద చేరుకొనును.

అయితే మీ బ్యాటరీలు ఇంటికి రావలసిన అవసరమే లేదు. నిలిచియున్న బండిలో గడియారము, అలారము, ట్రాకరు వంటివి సదా కొద్దికొద్దిగా విద్యుత్తును త్రాగుచుండును. అవి అన్నియు కలిసి 50 మిల్లీ ఆంపియర్లే వాడుకొన్నను దినమునకు 1.2, రెండు నెలలకు 72 ఆంపియర్ అవర్లు పోవును. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మిగులునది స్వల్పము. అదే బ్యాటరీ ఏ తీగయు తగిలింపక విడిచినచో సామాన్యముగా నెలకు 3 నుండి 5 ఆంపియర్ అవర్లకు మించి కోల్పోదు. సూరత్ ఎండలలో కొంత హెచ్చవచ్చును. కావున నిండుగా చార్జి చేసి, నెగటివ్ తీగను ఊడదీసి విడువుడు. ఊడదీయునప్పుడు నెగటివ్ ముందు, తగిలించునప్పుడు నెగటివ్ చివర. చేతి ఉంగరము, కడియము ముందే తీసివేయవలెను, ఏలయన రెండు కొనలకును లోహము తగిలినచో అది క్షణములో ఎఱ్ఱగా కాలి వేలిని పట్టుకొనును. నెలకొకసారి మీటరు పెట్టి చూడుడు: 12.6 వోల్టులు నిండుదనము, 12.4కు దిగినచో, నిండగానే తనంతట తగ్గు ఆటోమేటిక్ చార్జరుతో బండిలోనే, తలుపులన్నియు తెరచి, పగటివేళ చార్జి చేయుడు. ఆ సమయమున లోపలి పరుపుపై ఎవరును పండుకొనరాదు. నీరు తగ్గినచో డిస్టిల్డ్ వాటరే పోయవలెను, ఆసిడ్ కాదు.

నాకు అన్నిటికంటె భయము కంటిగుఱించి. నేను చదువుకొను రోజులలో ఒక డ్రైవరు, బ్యాటరీ మూత విప్పుచుండగా చిందిన ఆమ్లముతో ఆసుపత్రికి వచ్చెను. ఇంటివారు చనుబాలు పిండి, ఆముదము వేసి, గుడ్డకట్టి, రెండు గంటలు ప్రయాణము చేయించి తెచ్చిరి. కట్టు విప్పగా నల్లగ్రుడ్డుపై పొర పాలవలె తెల్లబడియుండెను. ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. ఇంటిలో కుళాయి ఉన్నదట. కంట ఆమ్లము పడినచో ఏ మందును వెదకక, తలను ఆ కంటివైపునకే వంచి, రెప్పలు వేళ్లతో విడదీసి, కనీసము 20 నిమిషములు ధారగా మంచినీరు పోయవలెను; పిమ్మటనే ఆసుపత్రి. మీకు మజూరా గేటువద్ద న్యూ సివిల్ ఆసుపత్రి కలదు. తినే సోడా నేలపై ఒలికిన ఆమ్లమునకు పనికివచ్చును గాని కంటికి వలదు. బ్యాటరీ మోసిన నాటి నూలు లుంగీకి ఉతికిన తరువాత చిల్లులు పడుటయు, అదే తుంపర పడిన పాలియెస్టరు చీర చెక్కుచెదరకుండుటయు నేతవారగు మీరు చూచియే యుందురు. కంటిపొర నూలుకంటె సుకుమారమైనది.

బ్యాటరీ కొనలపై పేరుకొను తెల్లని పొడిలో సీసము ఉండును. పొడిగా గీకక, సోడా నీటితో తడిపి, గ్లవుసులతో తుడిచి, సబ్బుతో చేతులు కడుగుకొనుడు. పిల్లల రక్తములో సీసమునకు క్షేమమైన పరిమాణమనునదే లేదు. రక్తహీనత, కడుపునొప్పి, చదువులో వెనుకబాటు దాని ఫలితములు. చెడిన బ్యాటరీని ఇంట పగులగొట్టక అమ్మిన దుకాణమునకే తిరిగి ఇండు.

ఆ రెండు బ్యాటరీలను ఈ దినమే గదినుండి దాటించి, గది నేలను తడిగుడ్డతో తుడిపింపుడు. బాబు దగ్గు రెండు రోజులలో తగ్గనిచో, ఇచటికి మరల వ్రాయుటకు ముందు ఇంకొకసారి వైద్యునివద్దకు పొండు.