గుంటుపల్లి కొండ ఎక్కబోయే మనవడికి

సోమశిల



సెలవుల్లో స్నేహితులతో కలిసి గుంటుపల్లి బౌద్ధ గుహలు చూడబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచిదే. అయితే భైరవకోనకు పోయొచ్చినట్టు మాత్రం పోయి రావద్దు నాయనా. భైరవకోన అంటే మనవాళ్లకు జలపాతం కింద తడవడం, దుర్గమ్మకు దండం పెట్టుకోవడం, పులిహోర పొట్లాలు విప్పడం, చీకటి పడేలోపు ఉదయగిరి మీదుగా ఇల్లు చేరడం. అక్కడి ఎనిమిది గుహాలయాల గోడల మీద ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో చూసేవాళ్లు వందమందిలో ఒకరుంటే గొప్ప.

భైరవకోన గుహలు దాదాపు 7, 8 శతాబ్దాల్లో, పల్లవ శైలి ప్రభావంతో, శివుడి కోసం తొలిచినవి. గుంటుపల్లి అంతకు ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లు పెద్దది. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటికే అక్కడ భిక్షువులు కాపురమున్నారు.

కొండ ఎక్కగానే సెల్ఫీల జోలికి పోకుండా ముందు గుండ్రటి చైత్యగుహకు వెళ్లు. ద్వారం పైన గుర్రపు లాడం ఆకారంలో కమాను ఉంటుంది. లోపల ఆ కొండరాతిలోనే మలిచిన స్తూపం, దాని చుట్టూ తిరగడానికి సన్నటి దారి. ఎండలోంచి వెళ్తావు కాబట్టి మొదట ఏమీ కనపడదు. ఫోన్ లైటు వెయ్యకు, కాసేపు ఊరికే నిలబడు. కళ్లు కుదురుకున్నాక తలెత్తి కప్పు చూడు. రాతిలో వాసాలు కనిపిస్తాయి! మన కోస్తా ఊళ్లలో తాటాకు కప్పిన చుట్టిళ్లు ఉండేవే, అచ్చం ఆ ఇంటి కప్పును లోపలినుంచి చూసినట్టే ఉంటుంది. రాతి కప్పుకు వాసాలతో పనేముంది? అవి ఏ బరువూ మోయవు. గుడి అంటే కర్రతో కట్టేదనే అలవాటున్న మనుషులు, రాయి తొలిచినా కర్ర రూపాన్ని వదల్లేకపోయారు. బీహారులో బరాబర్ కొండల్లోని లోమశ ఋషి గుహ ద్వారంలోనూ ఇదే పోకడ. అది మౌర్యుల నాటిది. ఆ కాలపు కర్ర మందిరాలు చెదలకూ నిప్పుకూ పోయాయి. అవి ఎట్లా ఉండేవో తెలుసుకోవాలంటే ఇట్లాంటి రాతి నకళ్లే మనకు దిక్కు.

ఇంకో సంగతి. గుహలు తొలిచేవాళ్లు సాధారణంగా కప్పుతో మొదలుపెట్టి నేల దాకా దిగుతారు. అజంతాలో సగంలో ఆగిపోయిన గుహలను చూస్తే ఈ వరస తెలిసిపోతుంది. అట్లా చేస్తే పరంజా కట్టే ఖర్చు తప్పుతుంది గానీ, ఒక్క పెళ్ల ఎక్కువ ఊడిందంటే మళ్లీ అతికించే వీల్లేదు. స్తూపం చుట్టూ తిరిగేటప్పుడు ఇది గుర్తు పెట్టుకో.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్నే ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. అది చూసి మీ స్నేహితుల్లో ఎవడో ఒకడు ఎవరి గుడిని ఎవరు లాక్కున్నారని వాదన ఎత్తుకుంటాడు. నువ్వు అందులో దూరవద్దు. భిక్షువులు వెళ్లిపోయాక కూడా ఆ గుహ పశువుల కొట్టం కాకుండా నిలిచిందంటే, ఆ దండాలకూ దీపాలకూ అందులో వాటా ఉందని మీ తాత అభిప్రాయం.

చైత్యం చూశాక భిక్షువులుండే విహారాలు చూడు, పైకెక్కి మొక్కుబడి స్తూపాల గుంపు చూడు. చిన్నా పెద్దా కలిపి 60కి పైగా ఉంటాయి. ఇవన్నీ రాజులు కట్టించినవనుకుంటే పొరపాటు. అక్కడ దొరికిన బ్రాహ్మీ శాసనం ఒకటి మహామేఘవాహన వంశపు సద రాజు పేరు చెబుతుంది. ఖారవేలుడిదీ ఆ వంశమే. కానీ మండపం దానమిచ్చింది రాజు కాదు, ఆయన దగ్గర పనిచేసే చుళగోముడనే లేఖకుడు. జీతం రాళ్లలోంచి ఇచ్చాడో, మరెట్లా కూడబెట్టి ఇచ్చాడో గానీ రాజు పక్కన తన పేరూ చెక్కించుకున్నాడు. మీ తాత జన్మంతా ఆఫీసులో కలం పట్టుకుని బతికినవాడు కాబట్టి ఆ లేఖకుడంటే కాస్త పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

బౌద్ధం ఎక్కడో గోదావరి వైపు సంగతి, మనకేం సంబంధమని అనుకోకు. ఎగువన చెయ్యేటి ఒడ్డున, నందలూరు దగ్గర ఆడపూరులో బౌద్ధ స్తూపాలున్నాయి. ఆ చెయ్యేటి నీళ్లే పెన్నలో కలిసి మన సోమశిల జలాశయానికి వస్తాయి. దిగువన సముద్రం దగ్గర, మన జిల్లా రామతీర్థంలోనూ తవ్వకాల్లో స్తూపం బయటపడింది. ఇట్లాంటి చోట్లు ఊరికే ఎంచుకున్నవి కావు. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు తిరగకుండా ఒకచోట ఉండాలి. అందుకు నీళ్లు కావాలి, భిక్షకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఊరు కావాలి, ఆ ఊరి గోల వినపడనంత ఎడం కూడా కావాలి. గుంటుపల్లి కొండ మీద నిలబడి ఈ మూడూ ఎట్లా కుదిరాయో నలుదిక్కులా చూడు.

గోడల మీద పేర్లు గీకేవాళ్లు మీ గుంపులో ఉంటే ముందే చెప్పు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించాక, అట్లా పాడుచేసినందుకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

అదే రోజు ఉండవల్లి గుహలు కూడా చుట్టేద్దామనే ఆశ పెట్టుకోవద్దు. రెండూ హడావిడిగా చూస్తే రెండూ దక్కవు. ఇంకో సెలవు దొరికితే అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండకు పోదువుగాని. అక్కడ పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. ఆ కొండ ఎన్ని వందల ఏళ్లు జనంతో కళకళలాడిందో వాటిని బట్టే లెక్క కట్టారు.

దారి సంగతి. మీరు రైలు దిగాల్సింది ఏలూరులో. అక్కడినుంచి కామవరపుకోట మండలం జీలకర్రగూడెం వెళ్లాలి. పాత పుస్తకాల్లో పశ్చిమ గోదావరి జిల్లా అని ఉంటుంది, 2022 నుంచి అది ఏలూరు జిల్లా. విజయవాడ దగ్గర, రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు ఉన్న గుంటుపల్లి వేరే. ఫోన్లో ఊరి పేరు ఒక్కటే కొడితే అక్కడ దింపినా దింపుతుంది, మండలం పేరు చూసుకుని బయలుదేరండి. టిఫిను కామవరపుకోటలోనే కానిచ్చి, నీళ్ల సీసాలు నింపుకుని కొండెక్కండి.

మీ తాత