'అదృష్టం' అంటే ఏమిటి?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మనం నిత్యం వాడే మాటల్లో 'అదృష్టం' ఒకటి. పరీక్ష పాసైతే అదృష్టం, తప్పితే దురదృష్టం. అసలు అర్థం వేరు. దృష్టం అంటే కనబడినది. అదృష్టం అంటే కనబడనిది. అంతే! అందులో మంచీ లేదు, చెడూ లేదు.

కణాదుని వైశేషిక సూత్రాల్లో ఈ మాట పదే పదే వస్తుంది. అయస్కాంతం వైపు సూది కదలడానికి, నిప్పు పైకే మండడానికి, చెట్టులో నీరు పైకి ప్రాకడానికి కారణం అదృష్టం అన్నాడాయన. అంటే కంటికి చిక్కని కారణం. జీవుల ధర్మాధర్మాల ఫలాన్ని కూడా ఈ పేరుతోనే పిలిచారు. అది జడం కనుక దాన్ని నడపడానికి ఈశ్వర సంకల్పం కావాలని తర్వాత ఉదయనుడు వాదించాడు. అలా కనబడనిది కాస్తా దైవేచ్ఛతో ముడిపడింది. మన ఇళ్ళలో నుదుటి రాతకు మారుపేరైంది.

ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ కింది నీటిని పైకి లాగుతుందని 1894లో డిక్సన్, జోలీ వివరించారు. చెట్టు విషయంలో అదృష్టం దృష్టమైంది!

మాది మెట్ట సేద్యం. మూడేళ్ళ క్రితం మా నాన్న, అమ్మ గాజులు కుదువబెట్టి బోరు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచినాయన చూపించిన చోటే. 350 అడుగుల దాకా తెల్లటి దుమ్మే వచ్చింది. "మన అదృష్టం ఇంతేరా" అని నాన్న తువ్వాలు దులుపుకొని లేచాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. గాజులు నేటికీ విడిపించలేదు.

ఇప్పుడైనా జవాబుందా? మాది గ్రానైటు నేల. నీరుంటే శిథిలమైన పై పొరలో, రాతి పగుళ్ళలో ఉండాలి. భూమిలోకి కరెంటు పంపి నిరోధం కొలిస్తే ఆ జాడ కొంత తెలుస్తుంది. కొంతే! అదీ తప్పవచ్చు. అందుచేత నాన్నను మూఢుడని నేననను. కారణం తెలియనప్పుడు, మర్నాడు మళ్ళీ అరక కట్టడానికి ఆయనకు ఆ మాటే ఆసరా అయింది.

కాని 'అదృష్టం' అన్నచోట మనం ఆగిపోతున్నాం. మాట అర్థాన్ని బట్టి చూస్తే, వెతకడం మొదలుపెట్టవలసిన చోటు అది. మొన్న సంక్రాంతి సెలవుల్లో నాన్నకు ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకొని, "అయితే కనబడేటట్టు చెయ్యరా, చదువుకుంటున్నావుగా" అన్నాడు.