మోడులో పుట్టి మొక్కను తినెడి పురుగు

బియ్యపు కుండలోని ముక్కుపురుగును ఎరుగని గృహిణి లేదు. గోదావరి తీరపు కొబ్బరితోటలవారు దాని జాతిదే యగు ఎఱ్ఱ ముక్కుపురుగు చేయు నష్టమును కన్నులార చూచియున్నారు. ఈ జాతిలోని మరియొకటి ఐరోపా ఖండమున సరళవృక్షముల యడవులలో నున్నది. దానిని గూర్చి ఈ నెల తెలిసికొందము.

ఇది సుమారు అర అంగుళము పొడవుగల, పసుపు మచ్చలతో కూడిన ముదురు గోధుమరంగు పురుగు. స్వీడను దేశములో అడవిని ఒక్కసారిగా నరికి, ఆ చోటనే లేతమొక్కలను నాటుదురు. చెట్టు నరికినప్పుడు మోడునుండి క్రొత్త బంక వాసన బయలుదేరును. వసంతకాలమున ఆ వాసన పట్టుకొని ఈ పురుగులు మైళ్ల దూరమునుండి ఎగిరివచ్చి, మోడు వేళ్లలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు చచ్చిన వేళ్ల బెరడును తినుచు ఒకటి రెండేండ్లు అచ్చటనే పెరుగును. ఇందువలన ఎవరికిని నష్టము లేదు. చచ్చిన వేరు ఎవరికి కావలెను?

నష్టము చేయునది పెద్దపురుగు. అది లేతమొక్క కాండపు బెరడును కొరికి తినును. చుట్టును బెరడు పోయినచో మొక్క ఎండిపోవును. కాపుదల లేనిచోట నాటిన మొక్కలలో సగముకంటె ఎక్కువ చచ్చుటయు కలదు. ఎండిన మొక్కను చూచి మొక్కనే తిట్టుకొనువాడు ప్రక్కనున్న మోడును చూడడు.

పూర్వము అచ్చట మొక్కలకు డి.డి.టి. పూసెడివారు. 1975 తరువాత అది మానివేసిరి. ఇప్పుడు సన్నని ఇసుకను జిగురుతో కలిపి కాండమునకు పూత వేయుదురు. పురుగు పండ్లకు అది రుచింపదు. మరియొక ఉపాయము మనకు మిక్కిలి నచ్చినది. ఆకులు, నాచు తొలగించి, అడుగుమట్టిని పైకి తీసి దిబ్బచేసి అందులో మొక్కను నాటుదురు. వట్టి మట్టిమీద ఈ పురుగు నిలువక త్వరగా సాగిపోవును. మందులేదు, ఖర్చు కొంచెము, ఫలితము మెండు. బ్రిటనులో కంటికి కనబడని సన్నని నులిపురుగులను నీటిలో కలిపి మోళ్లపై పోయుటయు కలదు. అవి పిల్లపురుగులలో దూరి చంపును.

కొందరు నరికిన నేలను కొన్నియేండ్లు బీడుగా విడిచి, పురుగులు పోయిన పిమ్మట నాటుదురు. అయితే అంతలో గడ్డి బలిసి లేతమొక్కలను అణచివేయును. ఆ గడ్డి పీకు కూలి వేరు.