ఐదో శీలం తప్పినవాడికి తోడు ఎవరు?



1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ తన జనం చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. మత్తుపానీయాలు తాగను అన్నది వాటిలో ఒకటి. బుద్ధ వందనలో ఐదో శీలంగా అదే మాట మళ్లీ మళ్లీ పలుకుతాం. పొద్దున పలికి సాయంత్రానికి క్వార్టర్ సీసా పట్టుకునేవాళ్లు మన పేటల్లో లేరా? ఉన్నారు. "వీడూ ఒక బౌద్ధుడేనా" అని ఈసడిస్తాం. ఆ మనిషి వందనకు రావడం మానేస్తాడు గానీ తాగుడు మానడు. ఈ పాఠం అతని కోసం, అతని ఇంటివాళ్ల కోసం.

పాళీలో శీలాన్ని సిక్ఖాపదం అంటారు. ఇక్కడ శిక్ష అంటే దండన కాదు, నేర్చుకోవడం. ఈ నియమం ఎలా పుట్టిందో వినయ పిటకంలో ఉంది. సాగతుడనే భిక్షువు గొప్ప శక్తిమంతుడని పేరు. కోసంబి జనం అభిమానంతో ఇంటింటా సుర పోశారు. తాగి తాగి నగర ద్వారం దగ్గర పడిపోయాడు. బుద్ధుడు అతన్ని అక్కడే వదిలేయమనలేదు, మోసుకురమ్మన్నారు. తెచ్చి తల బుద్ధుడి వైపు పెట్టి పడుకోబెడితే, మత్తులో దొర్లి కాళ్లు అటు పెట్టాడు. "ఇంతకుముందు ఇతనికి నా మీద గౌరవం ఉండేది కాదా?" అని బుద్ధుడు మిగతావాళ్లని అడిగారు. ఆ తర్వాతే నియమం పెట్టారు. వరస చూడండి: ముందు మోసుకొచ్చారు, తర్వాత నియమం. సాగతుణ్ణి సంఘం వెలివేయలేదు.

మంచి స్నేహం ధమ్మ మార్గంలో సగం అని ఆనందుడంటే, సగం కాదు, మొత్తం అదే అని బుద్ధుడు సరిదిద్దారు. తాగుడు మానాలనుకునేవాడికి ఆ స్నేహం ఎక్కడ దొరుకుతుంది?

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిశారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. తాగుబోతు బాధ మరో తాగుబోతుకే తెలుస్తుందని వాళ్లు పట్టుకున్న సంగతి నుంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టింది. మీటింగుకి ఫీజు లేదు. ఇంటిపేరు, కులం చెప్పనక్కర్లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. మొదటిరోజు నోరు విప్పకుండా విని వచ్చేసినా ఎవరూ ఏమీ అనరు. ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే బృందాలున్నాయి.

మనవాళ్లకి అడ్డొచ్చేది దేవుడి మాట. ఏఏ పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, మీటింగు చాలాచోట్ల ప్రార్థనతో ముగుస్తుంది. కొన్ని చర్చి గదుల్లో జరుగుతాయి. మన ప్రతిజ్ఞలకి ఇది కుదరదు కదా అని వెనక్కి వచ్చేసినవాళ్లు ఉంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ప్రార్థన వేళ మౌనంగా ఉండండి, మిగతా గంట వినండి. దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకోవచ్చని ఆ మెట్లే ఒప్పుకుంటాయి. "సంఘం సరణం గచ్ఛామి" అనేవాడికి తనకంటే పెద్ద ఆసరా అంటే ఏమిటో వేరే చెప్పాలా?

అయితే గ్రూపుకంటే ముందు డాక్టరు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనబడి, ఏదేదో మాట్లాడవచ్చు. దాన్ని గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకి తీసుకెళ్తారు. అది ప్రాణం మీదకొచ్చే జబ్బు, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంకోటి, కూరలో తెలియకుండా మందు కలిపితే మానేస్తాడని ఎవరైనా చెప్తే వినకండి. డైసల్ఫిరామ్ లాంటి మాత్ర కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చు. డాక్టరు చెప్పి, మనిషి ఒప్పుకుంటేనే వాడాలి.

పాయకరావుపేట నుంచి ఎలా? తాండవ వంతెన దాటితే తుని స్టేషను, అక్కడి నుంచి విశాఖకి సుమారు 100 కిలోమీటర్లు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. బయల్దేరే ముందు 14446కి ఫోన్ చేయండి, అది వ్యసనాల నుంచి బయటపడేందుకు కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. దగ్గర్లోని చికిత్స కేంద్రం, తెలుగులో జరిగే మీటింగు అడగండి. దిగులు, చావు ఆలోచనలుంటే 14416. ప్రతివారం కూలి పోగొట్టుకుని విశాఖ వెళ్లడం కుదరనిది. ఏఏకి ఫోన్లో కలిసే మీటింగులూ ఉన్నాయి, ఇంట్లో ఒక స్మార్ట్ ఫోన్ చాలు.

మన ఊళ్లోనే మొదలుపెట్టాలంటే ఇద్దరు చాలు, ఏక్రన్‌లోనూ ఇద్దరే. అంబేద్కర్ భవనంలో వందన అయ్యాక ఒక గంట, తలుపు దగ్గరగా వేసి, చాప మీద కూర్చోండి. అక్కడ విన్నది టీకొట్టు దగ్గర చెప్పకూడదు. ఒక్కసారి బయటికి పొక్కితే రెండోవారం ఎవడూ రాడు. ఉపన్యాసం వద్దు, ముఖ్యంగా నాలాంటి కార్యకర్తల ఉపన్యాసం. మానినవాడు తన వారం ఎలా గడిచిందో చెప్తాడు, మానాలనుకునేవాడు వింటాడు. నెల మానేసి మళ్లీ తాగినవాడు వస్తే ఎందుకు తాగావని నిలదీయకుండా, "రా బావా, కూచో" అని పక్కకి జరిగి చోటివ్వండి.