రబ్బరు వస్తువులను భద్రపరచు విధము

పెట్టెలో దాచిన వెండిగిన్నె పదియేండ్లకును గిన్నెగానే యుండును. రబ్బరు వస్తువు అట్టిది కాదు; వాడకున్నను అది ముదియుచునే యుండును. అవసరమునకై దాచిన సైకిలు ట్యూబు గాలి కొట్టగానే పగులుటకును, ప్రయోగశాలలోని క్రొత్త గొట్టమునుండి వాయువు కారుటకును తరచుగా ఇదియే కారణము. రబ్బరు ఏల ముదియునో, దాని నెట్లు కాపాడవలయునో మనమిచట విచారింతము.

చెట్టుపాలనుండి వచ్చు పచ్చి రబ్బరు ఎండకు జిగటయై, చలికి బిగిసిపోవును. గంధకముతో కలిపి కాచినచో ఈ దోషము తొలగునని 1839వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. గంధకము రబ్బరులోని పొడవైన అణుమాలికలను ఒకదానితో నొకటి ముడివేయును. సాగదీసి విడిచిన రబ్బరు మరల యథాస్థితికి వచ్చుట ఈ ముడుల వలననే.

అయినను గాలిలోని ఆమ్లజని ఆ మాలికలను మెల్లమెల్లగా తాకుచుండును. మాలికలు తెగినచో రబ్బరు జిగురెక్కును. ముడులు మితిమీరినచో పెళుసగును. వేడిమియు, వెలుతురును ఈ మార్పును త్వరపెట్టును. ఓజోను మరింత తీవ్రమైనది. విద్యున్మోటారుల నిప్పురవ్వలయొద్ద పుట్టు ఈ వాయువు, సాగియున్న రబ్బరుపై చీలికలు కలిగించును.

శత్రువుల నెరిగినచో రక్షణము సులభము. రబ్బరునకు 25 డిగ్రీల సెంటీగ్రేడునకు మించని చల్లని చీకటి గది మేలు. మన వేసవిలో నిది దుర్లభము గనుక, కనీసము రేకుల కప్పు క్రిందను, పొయ్యి దాపునను, కిటికీ యెదుటను ఉంచరాదు. మోటారులున్న గది పనికిరాదు. గొట్టములను మేకునకు తగిలింపక, మడవక, వదులుగా చుట్టి, మూతగల డబ్బాలో నుంచవలయును. కిరసనాయిలు, పెట్రోలు, నూనెలు సహజమైన రబ్బరును ఉబ్బించి బలహీనపరచును; అవి అంటినచో సబ్బునీటితో కడిగి, నీడను ఆరబెట్టవలయును. రాగి తగులుట రబ్బరునకు కీడు. కావున రాగితీగతో కట్టరాదు. పొరలు అంటుకొనకుండ టాల్కుపొడి చల్లుట మంచిది.

కొన్న తేదీని డబ్బాపై వ్రాసి, పాతదానిని ముందుగా వాడవలయును. వాడుటకు పూర్వము మెల్లగా వంచి చూడవలెను. చీలిక కనబడిన యెడల, అది గ్యాసు పొయ్యి గొట్టమైనను, గ్రామ వైద్యశాలలో రక్తపోటు కొలుచు పరికరపు బుడ్డియైనను, వెంటనే మార్చవలయును. అట్టి వస్తువును నమ్ముకొన్నవాడు ఆపదవేళ మోసపోవును. ఎంత జాగ్రత్తతో దాచినను రబ్బరు ఆయువు పెరుగునే గాని, అక్షయము కాదని విద్యార్థులు మరువరాదు.