ఫ్లోరైడ్ వేరు, ఆర్సెనిక్ వేరు: మూత్రాశయ క్యాన్సర్

తాగునీటితో మూత్రాశయ క్యాన్సర్‌కు లంకె ఏమిటని పరీక్షలో అడిగితే నల్లగొండ, మహబూబ్‌నగర్ అభ్యర్థుల చెయ్యి చటుక్కున ఫ్లోరైడ్ మీదికే పోతుంది. మార్కు పోయేది అక్కడే. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో ఎముకలను వంచింది ఫ్లోరైడే, కానీ ఆ జబ్బు ఫ్లోరోసిస్. తాగునీటిలో ఈ క్యాన్సర్‌కు కారకం ఆర్సెనిక్. దానికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా.; ఫ్లోరైడ్‌కైతే 1, వేరే నీటి వనరు లేనిచోట 1.5. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ నాగ్‌పూర్‌లోని ‘నీరి’ సంస్థది.

నిజానికి ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణం పొగతాగడం. బీడీ, సిగరెట్లలోని విషాలను కిడ్నీలు వడగడతాయి. అవి మూత్రంతోపాటు మూత్రాశయంలో గంటల తరబడి నిలుస్తాయి. తర్వాతిది వృత్తి. ఫుక్సిన్ రంగుల కార్మికుల్లో ఈ కణితులను 1895లో జర్మన్ సర్జన్ లుడ్విగ్ రెన్ వెల్లడించాడు. రంగుల పరిశ్రమలోని మరో కారకం బెంజిడిన్ పేరూ గుర్తుంచుకోవాలి.

తొలి లక్షణం తరచుగా నొప్పి లేకుండా మూత్రంలో రక్తం. కొత్త కేసుల్లో దాదాపు 75 శాతం కండర పొరకు చేరనివే (టీఏ, టీ1 దశలు, సీఐఎస్ అంటే కార్సినోమా ఇన్ సిటు). లోపలి పొర దాటకపోతే, అమెరికా లెక్కల ప్రకారం ఐదేళ్ల మనుగడ 95 శాతం పైమాటే. చిక్కల్లా తిరగబెట్టడంతోనే. కణితుల సంఖ్య, 3 సెం.మీ. దాటిన సైజు, గతంలో తిరగబెట్టిన తీరు, దశ, గ్రేడ్, సీఐఎస్ ఆ ముప్పును తేలుస్తాయి. అందుకే మూత్రాశయం లోపలికి గొట్టంతో చూసే సిస్టోస్కోపీ ఏళ్ల తరబడి తప్పదు.

తిరగబెట్టే ముప్పు ఎక్కువైతే మందు బీసీజీ. అవును, క్షయ టీకానే! వారానికోసారి, ఆరు వారాలు నేరుగా మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. 1976లో దీని ఫలితాలు ప్రకటించింది కెనడాలోని ఆల్వారో మొరాలెస్ బృందం.