తంజావూరు వెళ్లే ముందు

చి. బుజ్జికి,


యక్షగానాల పని మీద తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వెళ్లీ వెళ్లగానే తాళపత్రాలు చూపించమని అడగకు. ముందు కేటలాగు తిరగెయ్యి. నీక్కావలసిన రచన అచ్చయి ఉంటే అది సాంతం చదివాకే ఆకు జోలికి వెళ్లు. లేకపోతే మొదటి పంక్తి దగ్గరే పొద్దుగూకుతుంది. మాటకీ మాటకీ మధ్య ఎడం ఉండదు, పద్యపాదం ఎక్కడ ముగిసిందో తెలియదు, ఎకార ఏకారాలు ఒక్కలాగే కనిపిస్తాయి. రేఫకు వాడే వలపలగిలక సరేసరి, మీ తరానికి దాని మొహమే తెలియదు. అక్కడ నిన్ను గట్టెక్కించేది ఛందస్సే. ద్విపద అయితే ప్రాస పట్టుకుని పాదాలు విడగొట్టుకోవచ్చు. దరువులు మాత్రం ఏడిపిస్తాయి.

కట్ట విప్పగానే చివరి ఆకు చూడు. రాయసగాడు సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం వేసి ఉంటే నీ అదృష్టం. కానీ ఆ పేరు 60 ఏళ్లకోసారి మళ్లీ వస్తుంది. శకవర్షం అంకె ఉంటే 78 కలుపుకో. లేకపోతే తిథీ వారమూ ఏ చుట్టులో కలుస్తాయో స్వామికన్ను పిళ్లె పంచాంగ పట్టికల పుస్తకం ఎఫిమెరిస్‌లో వెతుక్కో. తీరా తేలినా అది నకలు రాసిన తేదీయే. యక్షగానాలు రాసిన తంజావూరు రాజు విజయరాఘవ నాయకుడు 1673లోనే పోయాడు. ఆయన రచనకు నీ చేతికొచ్చే ప్రతి ఆ తర్వాత మరాఠాల ఏలుబడిలో ఎత్తి రాసింది కావచ్చు. ఆ రాజులూ తెలుగును వదల్లేదు. శహాజీ స్వయంగా యక్షగానాలు రాశాడు. కర్త కాలాన్నీ ప్రతి కాలాన్నీ కలగాపులగం చేసిన థీసిస్‌లు చాలానే చూశాను, నీది అందులో చేరకూడదు.

ఆకును అంచులు పట్టుకుని బల్ల మీదే తిప్పు, వంచకు. పెన్సిల్ తప్ప పెన్ను వద్దు. అడక్కుండా ఫోన్ తియ్యకు. మీ గైడు ఉత్తరం దగ్గర ఉంచుకో.

మధ్యాహ్నానికి కళ్లు లాగేస్తాయి. అప్పుడు మ్యూజియం వైపు వెళ్లు. 1832 వరకు ఏలిన మరాఠా రాజు శరభోజి యూరప్ పుస్తకాలు కూడా పోగుచేశాడు, వాటిమీద ఇంగ్లీషులో సంతకం పెట్టేవాడు. సెలవు రోజులేవో ముందే ఫోన్ చేసి కనుక్కో. తమిళం నాలుగు ముక్కలైనా నేర్చుకుని బయల్దేరు.

మీ పెదనాన్న